ముందు గది కొలవండి, తరువాత లెన్సు కొనండి

ఈ నెల శీర్షికకు అందిన లేఖలలో సగానికి పైగా మీడియం ఫార్మాట్ (మామూలు 35 మి.మీ. కంటే పెద్ద ఫిల్ము లేదా సెన్సారు ఉన్న) కెమెరాల లెన్సుల గురించినవే కావడంతో, మిగిలిన ప్రశ్నలను వచ్చే సంచికకు ఉంచి, స్టూడియోలో పోర్ట్రెయిట్లు తీసేవారి సందేహాలకే ఈసారి చోటిస్తున్నాను. ధరలు అడిగినవారు మన్నించాలి. పత్రిక అచ్చయ్యేలోపే మారిపోయే అంకెలను ఇక్కడ రాయడం వల్ల ఎవరికీ మేలు లేదు.

ప్రశ్న: మాది చిన్న స్టూడియో. ఇటీవల ఫ్యూజీఫిల్మ్ జీఎఫ్‌ఎక్స్ వరుసలో 102 మెగాపిక్సెల్ కెమెరా తీసుకున్నాము. షూటింగ్ గది పొడవు 20 అడుగులు, వెడల్పు 12 అడుగులు. నిలువెత్తు ఫోటోలు, భుజాల వరకు తీసే ఫోటోలు దాదాపు సగం సగం ఉంటాయి. ప్రస్తుతానికి ఒక్క లెన్సుకే డబ్బు సర్దగలము. 110 మి.మీ. ఎఫ్/2 కొనమని అందరూ చెబుతున్నారు, నాకేమో 80 మి.మీ. ఎఫ్/1.7 మీద మనసుంది. ఏది మేలు?
— స్టూడియో నిర్వాహకుడు, తెనాలి

జవాబు: 110 కొనమన్నవారు తప్పు చెప్పలేదు. ముఖాలు తీయడానికి ఆ వరుసలో దానికి మించినది లేదని నా అభిప్రాయం కూడా. అయితే వారు మీ గది చూడలేదు. లెన్సు సంగతి తేల్చే ముందు ఒక టేపు తీసుకుని గది కొలిచి, చిన్న లెక్క వేసుకోవాలి. ఫ్రేములో పట్టవలసిన ఎత్తును లెన్సు ఫోకల్ లెంగ్త్‌తో (లెన్సు పేరులోని మి.మీ. అంకెతో) గుణించి, సెన్సారు పొడవుతో భాగిస్తే కెమెరాకు, మనిషికి మధ్య ఉండవలసిన దూరం సుమారుగా వస్తుంది. మీ కెమెరా సెన్సారు కొలత 43.8 × 32.9 మి.మీ. కాబట్టి, కెమెరాను నిలువుగా తిప్పి పట్టినప్పుడు 43.8తో భాగించాలి.

ఆరడుగుల మనిషికి తలపైన, కాళ్ల కింద కాస్త ఖాళీ వదిలితే ఫ్రేము ఎత్తు 2.2 మీటర్లు అవుతుంది. 110 మి.మీ. లెన్సుతో అంత ఎత్తు పట్టాలంటే అయిదున్నర మీటర్లు, అంటే 18 అడుగులు వెనక్కి జరగాలి. మనిషి నీడ తెర మీద పడకుండా ఉండాలన్నా, తెరకు విడిగా లైటు ఇవ్వాలన్నా అతను తెరకు కనీసం అయిదడుగుల ముందు నిలబడాలి. కెమెరా వెనుక మీరు నిలబడటానికి రెండడుగులు కావాలి. మొత్తం 25 అడుగులు. మీ గది 20 అడుగులే. 80 మి.మీ. లెన్సుతో అదే ఫోటోకు నాలుగు మీటర్ల దూరం, అంటే 13 అడుగులు పడుతుంది. పైన చెప్పిన ఏడడుగులూ కలిపితే సరిగ్గా 20 అవుతుంది కాబట్టి మీ వీపు గోడకు ఆనుకుని ఉంటుంది, ట్రైపాడ్ కాలు పెట్టే చోటు కూడా వెతుక్కోవాలి. 63 మి.మీ. ఎఫ్/2.8 అయితే 3.2 మీటర్లు, అంటే పదిన్నర అడుగులు చాలు.

ఇక ముఖం, భుజాలు తీసేటప్పుడు లెక్క తిరగబడుతుంది. ఫ్రేము ఎత్తు 60 సెంటీమీటర్లు అనుకుంటే 110తో మీటరున్నర, 80తో 1.1 మీటరు, 63తో మీటరు కంటే తక్కువ దూరం వస్తుంది. ముక్కు కొనకు, చెవులకు మధ్య సుమారు 12 సెంటీమీటర్ల లోతు ఉంటుంది గనుక, మీటరున్నర నుంచి చూసినప్పుడు ముక్కు చెవులతో పోలిస్తే 8 శాతం పెద్దదిగా నమోదైతే, 86 సెంటీమీటర్ల నుంచి చూసినప్పుడు 14 శాతం పెద్దదిగా నమోదవుతుంది. పెళ్లిచూపులకు ఫోటో తీయించుకోవడానికి వచ్చిన అమ్మాయి "నా ముక్కు ఇలా ఉండదండీ" అంటే, లెన్సు మంచిదేనని చెప్పి ఆమెను ఒప్పించలేము.

అందుకు కూడా మార్గముంది. అది ఒకప్పుడు మన స్టూడియోల వారందరికీ తెలిసినదే. యాషికా, రోలీఫ్లెక్స్ వంటి జంట కటకాల కెమెరాలలో 120 రోలు వేసి పనిచేసిన తరానికి ఉన్నది ఒకే ఒక్క లెన్సు, అది కూడా చాలావరకు 75 లేదా 80 మి.మీ. లెన్సే; దగ్గరగా వెళితే మీటరు దగ్గర ఫోకస్ ఆగిపోయేది. వారు ఓపికగా వెనక్కి నిలబడి నడుము వరకు తీసి, ఎన్‌లార్జరు కింద ముఖం మేరకు పెద్దది చేసేవారు. ముఖం తీరును నిర్ణయించేది కెమెరా నిలబడిన దూరమే గనుక, ఆ ఫోటోలలో ముక్కు ముక్కులాగే ఉంది. మీరు కూడా 63 మి.మీ. లెన్సుతో మీటరున్నర దూరం నుంచి తీసి, 110 ఇచ్చే ఫ్రేము మేరకు కత్తిరించుకుంటే దాదాపు 33 మెగాపిక్సెళ్లు మిగులుతాయి. 12 × 18 అంగుళాల ప్రింటుకు అంగుళానికి 300 చుక్కల లెక్కన 20 మెగాపిక్సెళ్లు కూడా అక్కరలేదు.

కాబట్టి మీరు అడిగిన రెండింటిలో ఏదీ కాకుండా ముందు 63 కొనండి. అది 405 గ్రాముల తేలికైన లెన్సు, మిగిలిన రెండింటికంటే తక్కువ ధరకు దొరుకుతుంది. మిగిలిన డబ్బు దాచి, ఆ తరువాత నేరుగా 110కి వెళ్లండి. ఎఫ్ పక్కన అంకె చిన్నదైతే వెలుగు వచ్చే రంధ్రం, అంటే అపర్చరు, పెద్దదని అర్థం. మీ మనసు 80 మీద ఉండటానికి కారణం ఎఫ్/1.7 అనే అంకె అయితే, స్టూడియో ఫ్లాష్ ముందు మీరు ఎఫ్/8 వద్ద పనిచేస్తారనీ, ఆ వెడల్పాటి అపర్చరుకు ఇచ్చిన డబ్బు ఏడాదిలో చాలా రోజులు పని లేకుండా కూర్చుంటుందనీ గుర్తుంచుకోండి. ఫ్లాష్ లేకుండా కిటికీ వెలుతురులో తీసే అలవాటు మీకు ఉంటే నా సలహా మారుతుంది, అప్పుడు 80కే నా ఓటు.

ప్రశ్న: పోర్ట్రెయిట్‌కు 85 మి.మీ. లెన్సు అని మాకు తరగతిలో చెప్పారు. మీడియం ఫార్మాట్‌లో అది 150 అని ఒకరు, 180 అని ఒకరు, 110 అని మరొకరు రాస్తున్నారు. ఏది నిజం? పొడవైన లెన్సు ముఖాన్ని చదును చేస్తుందన్నది ఎంతవరకు సరైనది?
— ఫోటోగ్రఫీ విద్యార్థిని, వరంగల్

జవాబు: ముగ్గురూ నిజమే చెప్పారు, మూడు వేర్వేరు కెమెరాల గురించి చెప్పారు. మీడియం ఫార్మాట్ అన్నది ఒకే కొలత కాదు. 6 × 7 ఫిల్ముపై బొమ్మ కర్ణం దాదాపు 89 మి.మీ., 6 × 6పై 79 మి.మీ., 6 × 4.5పై 70 మి.మీ.; నేటి 44 × 33 సెన్సారుపై 55 మి.మీ. మీ తరగతిలో చెప్పిన 36 × 24 ఫ్రేము కర్ణం 43 మి.మీ. 85 మి.మీ. లెన్సు చూసే కోణాన్నే పొందాలంటే 6 × 7లో 175, 6 × 6లో 155, 6 × 4.5లో 137, 44 × 33లో 107 మి.మీ. దగ్గర ఉండాలి. తయారీదారులు 180, 150, 140 లేదా 150, 110 అని ఆ చుట్టుపక్కల అంకెలనే ఎంచుకున్నారు.

చదును చేయడం లెన్సు పని కాదు. పై జవాబులో చెప్పినట్టు అది దూరం పని. పొడవైన లెన్సు మిమ్మల్ని వెనక్కి జరగమంటుంది, వెనక్కి జరిగినందువల్ల ముక్కుకు, చెవులకు మధ్య తేడా తగ్గుతుంది. ఒకే చోట ట్రైపాడ్ పెట్టి రెండు లెన్సులతో తీసి, వెడల్పుగా వచ్చినదాన్ని కత్తిరించి పక్కపక్కన పెట్టి చూడండి. ఒక సాయంత్రం పని, మళ్లీ జీవితంలో ఈ సందేహం రాదు.

ప్రశ్న: ఫ్యూజీఫిల్మ్ జీఎఫ్ 110 మి.మీ. లెన్సును ఎఫ్/2 వద్ద వాడితే ఒక కన్ను స్పష్టంగా, రెండో కన్ను మసకగా వస్తోంది. లెన్సులో లోపమా?
— ఫోటోగ్రాఫర్, గుంటూరు

జవాబు: లోపం కాదు. మీటరున్నర దూరంలో ఆ లెన్సు ఎఫ్/2 వద్ద స్పష్టంగా పట్టే లోతు రెండు సెంటీమీటర్లకు మించదు. మనిషి ముఖం కొద్దిగా పక్కకు తిప్పగానే రెండు కళ్ల మధ్య అంతకంటే ఎక్కువ లోతు వస్తుంది. ఎఫ్/4 వద్ద ఆ లోతు సుమారు మూడున్నర, ఎఫ్/8 వద్ద ఏడు సెంటీమీటర్లు అవుతుంది. ఎఫ్/2 వాడి తీరాలనుకుంటే ముఖం నేరుగా కెమెరా వైపు ఉండేలా చూడండి, లేదా కెమెరాకు దగ్గరగా ఉన్న కంటి మీద ఫోకస్ పాయింటు పెట్టి రెండోదాన్ని వదిలేయండి. మధ్య పాయింటుతో ఫోకస్ చేసి, తరువాత కెమెరాను పక్కకు జరిపి ఫ్రేము సరిచేసుకునే పాత అలవాటు మాత్రం ఇక్కడ పనికిరాదు. ఆ జరపడంలోనే రెండు సెంటీమీటర్లు పోతాయి.

ప్రశ్న: ఓర్వకల్లు రాక్ గార్డెన్ వంటి చోట్ల ప్రీ వెడ్డింగ్ షూట్లు చేస్తుంటాను. మధ్యాహ్నపు ఎండలో ఫ్లాష్ కలిపి తీసినప్పుడు మా జీఎఫ్‌ఎక్స్ కెమెరా 1/125 సెకను దాటి సింక్ కాదు, అంటే ఫ్లాష్‌తో కలిసి పనిచేయదు. లీఫ్ షట్టర్ లెన్సులు ఉన్న హాసెల్‌బ్లాడ్‌కు మారితే ఆ ఇబ్బంది ఉండదంటున్నారు. అంత ఖర్చు పెట్టవచ్చా?
— పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్, కర్నూలు

జవాబు: ముందు ఇబ్బంది ఎక్కడుందో చూద్దాం. కెమెరా ఒంట్లో ఉండే తెర షట్టరు ఒక అంచు నుంచి మరో అంచుకు నడుస్తుంది. వేగం పెంచితే సెన్సారు మొత్తం ఒకేసారి తెరుచుకుని ఉండే క్షణమే ఉండదు కాబట్టి, ఫ్లాష్ వెలిగినప్పుడు కొంత భాగం నల్లగా మిగులుతుంది. సెన్సారు పెద్దదయ్యేకొద్దీ తెర నడవవలసిన దూరం పెరుగుతుంది కనుక జీఎఫ్‌ఎక్స్ కెమెరాలలో ఆ హద్దు 1/125 వద్దే ఉంది. లీఫ్ షట్టరు లెన్సు లోపల, అపర్చరు పక్కనే రేకులుగా విచ్చుకుని మూసుకుంటుంది కాబట్టి ఏ వేగంలోనైనా బొమ్మ మొత్తానికి ఒకేసారి వెలుగు అందుతుంది. హాసెల్‌బ్లాడ్ పాత 500 వరుస లెన్సులలో అది 1/500 వరకు, నేటి ఎక్స్ వరుసకు చెందిన ఎక్స్‌సీడీ 90 మి.మీ. వంటి లెన్సులలో 1/2000 వరకు పనిచేస్తుంది.

దీని లాభం బ్యాక్‌గ్రౌండ్ మసకగా రావడం ఒక్కటే అని చాలామంది అనుకుంటారు. అసలు లాభం ఫ్లాష్ బలంలో ఉంది. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు ఐఎస్‌ఓ 100 వద్ద 1/125 సెకనుకు అపర్చరు ఎఫ్/14 దాకా మూయాలి, 1/2000 సెకనుకు ఎఫ్/3.5 చాలు. ఫ్లాష్ వెలుగు క్షణంలో వచ్చి పోయేది కావడం వల్ల షట్టరు వేగం దానిని తగ్గించదు, అపర్చరు మాత్రమే తగ్గిస్తుంది. అంటే ఎఫ్/14 వద్ద పూర్తి బలంతో కొట్టవలసిన ఫ్లాష్, ఎఫ్/3.5 వద్ద పదహారో వంతు బలంతో సరిపోతుంది. చేతిలో పట్టుకునే చిన్న ఫ్లాష్‌తో ఎండను ఓడించవచ్చు. కొందరు ఎండలో లెన్సు ముందు పెట్టుకునే ఎన్‌డీ ఫిల్టరు (వెలుగును తగ్గించే నల్లటి అద్దం) ఆ పని చేయలేదు. అది ఎండతో పాటు ఫ్లాష్ వెలుగును కూడా అంతే కోస్తుంది కనుక, బ్యాక్‌గ్రౌండ్ మసక దొరుకుతుంది గానీ ఫ్లాష్ మీద భారం తగ్గదు. హై స్పీడ్ సింక్‌లో, అంటే తెర నడిచినంతసేపూ ఫ్లాష్ వరసగా మెరిసే పద్ధతిలో, ఫ్లాష్ చాలా బలం కోల్పోతుంది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. పెద్ద స్టూడియో ఫ్లాష్‌లు చాలావాటిలో పూర్తి బలంతో వెలిగినప్పుడు ఆ వెలుగు 1/2000 సెకనులో అయిపోదు. దాని తోక భాగం షట్టరు మూసుకున్నాక వస్తుంది, ఆ మేరకు వెలుగు వృథా అవుతుంది. తక్కువ బలం వద్ద వెలుగు కాలం తగ్గే రకం ఫ్లాష్‌లు లీఫ్ షట్టరుకు సరిజోడు. కొనే ముందు ఫ్లాష్ పుస్తకంలో ఈ అంకె చూడండి.

ఖర్చు విషయంలో నా అభిప్రాయం ఇది. పని మొత్తం గది లోపలే చేసేవారికి లీఫ్ షట్టరు అవసరం లేదు, అక్కడ 1/125 ధారాళంగా సరిపోతుంది. మీలా నెలకు నాలుగైదు సార్లు ఎండలో నిలబడేవారికి అది నిజంగా ఉపయోగపడే వస్తువు. కెమెరా మార్చకుండానే దానిని రుచి చూడాలంటే, ఫ్యూజీఫిల్మ్ వారి హెచ్ మౌంట్ అడాప్టరు ద్వారా హాసెల్‌బ్లాడ్ హెచ్‌సీ లెన్సులను మీ జీఎఫ్‌ఎక్స్‌కు తగిలిస్తే లెన్సులోని షట్టరు పనిచేసి 1/800 వరకు సింక్ దొరుకుతుంది. సెకండ్ హ్యాండ్‌లో హెచ్‌సీ 100 మి.మీ. ఎఫ్/2.2 దొరికితే పోర్ట్రెయిట్‌కు అంతకంటే ఏం కావాలి? అయితే ఆ అడాప్టరుతో ఆటోఫోకస్ ఉండదు, చేత్తో తిప్పుకోవాలి. ఖర్చు లేని దారి ఒకటి ఎలాగూ ఉంది: జంటను సాయంత్రం అయిదున్నరకు రమ్మనండి.

ప్రశ్న: మా మేనమామ గారు వాడిన హాసెల్‌బ్లాడ్ 500సీ/ఎం, 80 మి.మీ. ప్లానార్ లెన్సుతో సహా నాకు వచ్చాయి. చాలా ఏళ్లు ట్రంకు పెట్టెలో ఉన్నాయి. పోర్ట్రెయిట్ కోసం 150 ఎఫ్/4, 120 ఎఫ్/4 మాక్రో (బాగా దగ్గరగా తీయగలది), 180 ఎఫ్/4, 110 ఎఫ్/2 అన్నవాటిలో ఏది తీసుకోవాలి? కొంతకాలం తరువాత డిజిటల్ బ్యాక్ (ఫిల్ము డబ్బా స్థానంలో తగిలించే సెన్సారు) కూడా కొనాలన్న ఆలోచన ఉంది.
— బ్యాంకు ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: ముందుగా 110ని పక్కన పెట్టేయండి. అద్భుతమైన లెన్సు, కానీ మీ కెమెరాకు పనికిరాదు. 500 వరుస కెమెరాల ఒంట్లో ఎక్స్‌పోజరు ఇచ్చే షట్టరు ఉండదు, అది లెన్సులో ఉంటుంది. 110 ఎఫ్/2 ప్లానార్ తెర షట్టరు ఉన్న 2000, 200 వరుసల కోసం చేసినది, దానిలో షట్టరే లేదు. మౌంటు కుదురుతుంది కాబట్టి తెలియక కొన్నవారు, తెలిసి అంటగట్టేవారు ఇద్దరూ ఉంటారు.

ఫిల్ముపైనే తీస్తానంటే 150 మి.మీ. సోనార్ తీసుకోండి. మనిషికి, కెమెరాకు మధ్య మాట్లాడుకోవడానికి వీలైన దూరం ఉంచుతూనే ముఖాన్ని నిండుగా పడుతుంది. 1.4 మీటరు వద్ద దాని ఫోకస్ ఆగిపోతుంది, ఆ దూరంలో ఫ్రేములో పట్టేది సుమారు 40 సెంటీమీటర్ల చతురస్రం. పెద్దవారి తల, మెడ నిండుగా పట్టడానికి అది చాలు. పసిపిల్లల ముఖాలు ఇంకా దగ్గరగా కావాలంటే లెన్సుకు, కెమెరాకు మధ్య పెట్టే 8, 10 లేదా 16 మి.మీ. ఎక్స్‌టెన్షన్ ట్యూబు ఒకటి చేర్చుకోండి. చతురస్రాన్ని 8 × 10 వంటి నిలువు ప్రింటుగా కత్తిరించే అలవాటుంటే రెండు పక్కలా కొంత పోతుంది గనుక, అదే లెన్సు 35 మి.మీ. (36 × 24 ఫ్రేము) లెక్కలో 82 నుంచి 91 దాకా పొడవైనట్టు ప్రవర్తిస్తుంది. పోర్ట్రెయిట్‌కు అది మంచిదే. 180 ఇంకా పదునైనది, బరువైనది. స్టూడియో పొడవుగా ఉంటే తప్ప నేను ఎవరికీ చెప్పను. ఈ లెన్సులలో అపర్చరు రేకులు అయిదే కావడం వల్ల ఎఫ్/5.6 వద్ద వెనుక ఉన్న దీపాలు పంచకోణాలుగా వస్తాయి. కొందరికి నచ్చుతుంది, నాకు నచ్చదు.

డిజిటల్ బ్యాక్ అన్నమాట వచ్చేసరికి లెక్క మారిపోతుంది. హాసెల్‌బ్లాడ్ వారి సీఎఫ్‌వీ 50సీ, 100సీ బ్యాక్‌లలో సెన్సారు 43.8 × 32.9 మి.మీ. మాత్రమే. మీ చతురస్రంలో నడిమి భాగమే వాడుకుంటుంది కాబట్టి 150 కాస్తా 35 మి.మీ. లెక్కలో దాదాపు 120 అయి, చిన్న గదిలో ఇరుకైపోతుంది. అక్కడ 120 మి.మీ. మాక్రో ప్లానార్ 95లా పనిచేస్తూ, 80 సెంటీమీటర్ల దాకా దగ్గరికి వెళుతుంది. బ్యాక్ కొనడం నిజంగా రెండు మూడేళ్లలో జరిగే పనైతే 120 తీసుకోండి, ఫిల్ముపైన కూడా అది అక్కరకు వస్తుంది. కలగా మిగిలిపోయే పనైతే 150 తీసుకోండి. ఆ సంగతి మీకే తెలియాలి.

ఇక్కడే మరో ఉచ్చు ఉంది. కొందరు బ్యాక్ బదులు హాసెల్‌బ్లాడ్ ఎక్స్ వరుస కెమెరా కొని, అడాప్టరుతో పాత లెన్సులు తగిలిస్తే సరిపోతుందనుకుంటారు. ఆ కెమెరాల ఒంట్లో కూడా షట్టరు లేదు, పాత లెన్సులోని షట్టరు అడాప్టరు ద్వారా పనిచేయదు, కాబట్టి ఎలక్ట్రానిక్ షట్టరే గతి; దానితో ఫ్లాష్ వాడలేరు. స్టూడియో పనికి అది పూర్తిగా పనికిరాని దారి. బ్యాక్‌ను మీ 500సీ/ఎంకు తగిలిస్తే మాత్రం లెన్సు షట్టరు మామూలుగా పనిచేస్తుంది, ఫ్లాష్ తీగ లెన్సుకే తగిలించుకుంటారు.

సెకండ్ హ్యాండ్ లెన్సు చూసేటప్పుడు షట్టరును ఒక సెకనుపై పెట్టి వినండి. ఆ చిన్న గియర్ల శబ్దం తడబడకుండా సాగాలి, మధ్యలో నసిగితే లోపలి నూనె గడ్డకట్టిందని అర్థం. 1957 నుంచి వచ్చిన సీ రకంలో కాంపర్ షట్టరు, 1982 నుంచి వచ్చిన సీఎఫ్ రకంలో ప్రోంటర్ షట్టరు ఉంటాయి. కాంపర్ విడిభాగాలు దొరకడం కష్టమైపోయింది కనుక, కాస్త ఎక్కువైనా సీఎఫ్ తీసుకోమంటాను. ఫిల్టర్లు కూడా సీ రకానికి బీ50, సీఎఫ్‌కు బీ60 అని వేర్వేరు. కెమెరాను, లెన్సును కీ ఇచ్చి ఉంచిన స్థితిలోనే లెన్సు మార్చాలన్నది ఈ కెమెరాలకు ప్రాణసూత్రం. తొందరలో ఒకసారి అది మరిచి, కెమెరాకు లెన్సు బిగుసుకుపోయి, ఒక షూటింగు మొత్తం పోగొట్టుకున్నవాడిని గనుక చెబుతున్నాను.

మీ 80ని టార్చి లైటు వెనుక నుంచి వేసి చూడండి. సాలెగూడులాంటి గీతలు కనిపిస్తే ఫంగస్ పట్టినట్టే. విశాఖ గాలిలో ట్రంకు పెట్టె, అందులోనూ తోలు సంచి, ఫంగస్‌కు పుట్టిల్లు. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండే డ్రై క్యాబినెట్ కొంటే మంచిది, లేకుంటే మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి, దానిని తరచుగా వేడిచేసి ఆరబెట్టుకుంటూ వాడండి.

ప్రశ్న: మమియా ఆర్‌బీ67, 90 మి.మీ. లెన్సుతో నలుపు తెలుపు పోర్ట్రెయిట్లు తీస్తున్నాను. లైట్ మీటరు చెప్పినట్టే పెట్టినా, దగ్గరగా తీసిన ముఖాలలో నెగటివ్ పలచగా వస్తోంది. ముక్కు కూడా పెద్దదిగా కనిపిస్తోంది. సాఫ్ట్ ఫోకస్ లెన్సు కొంటే మేలా?
— ఫిల్ము ప్రియుడు, నిజామాబాద్

జవాబు: మీ లెన్సు, మీటరు రెండూ బాగానే ఉన్నాయి. ఆర్‌బీ67 బెలోస్ కెమెరా. దగ్గరి ఫోకస్ కోసం తోలు మడతలు చాపినకొద్దీ లెన్సు ఫిల్ముకు దూరమై, ఫిల్మును చేరే వెలుగు తగ్గుతుంది. విడిగా చేతిలో ఉన్న మీటరుకు ఆ సంగతి తెలియదు. భుజాల వరకు తీసే ఫ్రేముకు మూడో వంతు స్టాపు, ముఖం మాత్రమే నిండేలా 30 సెంటీమీటర్ల ఎత్తు పట్టే ఫ్రేముకు దాదాపు మూడింట రెండు వంతుల స్టాపు కలుపుకోవాలి (వెలుగు రెట్టింపు చేస్తే ఒక స్టాపు). ఈ నష్టం బొమ్మ ఎంత పెద్దగా పడుతోందన్న దానిని బట్టి వస్తుంది కాబట్టి ఏ లెన్సుకైనా ఇంచుమించు అదే. కెమెరా పక్కన ఉన్న గీతల పట్టికలో మీ లెన్సు గీతను చూసి కలుపుకోవచ్చు, ఆ పట్టిక ఉన్నదే అందుకు.

ముక్కు పెద్దదిగా కనిపించడానికి కారణం మీరు 90 మి.మీ.తో 90 సెంటీమీటర్ల లోపు దాకా వెళ్లవలసి రావడం. 180 మి.మీ. ఎఫ్/4.5 తీసుకుంటే అదే ఫ్రేము 1.7 మీటర్ల నుంచి వస్తుంది. గది చిన్నదైతే 127 మి.మీ. ఎఫ్/3.8తో సరిపెట్టుకోవచ్చు, నడుము వరకు తీయడానికి అది చక్కనిది. లెన్సు ముందు పలకపై 'సీ' అక్షరం ఉన్నదే చూడండి. ఆ అక్షరం లేని తొలి రకానికి పూత పలచన, వెనుక నుంచి జుట్టు మీద వేసే లైటు నేరుగా తగిలితే కాంట్రాస్టు పడిపోతుంది.

సాఫ్ట్ ఫోకస్ 150 మి.మీ. ఎఫ్/4 మొదటి లెన్సుగా వద్దు. దానిలోని మెత్తదనం అపర్చరు పూర్తిగా తెరిచినప్పుడే నిండుగా ఉండి, మూసేకొద్దీ తగ్గిపోతుంది. రంధ్రాలున్న బిళ్లలను లోపల మార్చుకుంటూ ఆ తగ్గుదలను అదుపు చేయాలి, స్టూడియో ఫ్లాష్‌ను కూడా ఎఫ్/4కు సరిపోయేంత తగ్గించాలి. ఒకసారి ఫిల్ముపై మెత్తబడిన బొమ్మను తిరిగి పదును పెట్టలేము. మీరు కోరుకుంటున్నది చర్మం మెత్తగా కనిపించడమే అయితే, పెద్ద సాఫ్ట్ బాక్సును మనిషికి రెండు మూడడుగుల దగ్గరికి తెచ్చి చూడండి.

ప్రశ్న: ఇక్కడ మన పిల్లల కూచిపూడి రంగప్రవేశాలకు ఫోటోలు తీస్తాను. ఇంటి బేస్‌మెంట్‌నే స్టూడియోగా మార్చుకున్నాను. జీఎఫ్‌ఎక్స్ 50 మెగాపిక్సెల్ కెమెరా ఉంది. నగలు, ముఖాభినయం, భంగిమలు మూడూ కావాలి. 110 ఎఫ్/2, 120 ఎఫ్/4 మాక్రో మధ్య తేల్చుకోలేకపోతున్నాను.
— గృహిణి, న్యూజెర్సీ

జవాబు: మీకు 120 మాక్రో. సందేహం అక్కరలేదు. ఫ్లాష్ ముందు ఎఫ్/2 మీరు వాడరు, పైగా 110 తొంభై సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతే 120 నలభై అయిదు సెంటీమీటర్ల దాకా వెళ్లి వస్తువును సగం పరిమాణంలో పడుతుంది. పాపిడిబిల్ల, జడ కుప్పెలు ఫ్రేము నిండుగా వస్తాయి. అంత దగ్గరగా వెళ్లినప్పుడు కెమెరా నీడ నగ మీద పడుతుంది కాబట్టి, అమ్మాయి అలంకరణలో ఉండగా వడ్డాణం, వంకీల వంటివి కాస్త దూరం నుంచే తీసి, విడి నగలను తరువాత బల్ల మీద పెట్టి తీసుకోండి. అపర్చరు ఎఫ్/11 దాటనివ్వకండి, ఆపైన లోతు పెరిగినా పదును తగ్గుతుంది. పట్టుచీర నేత మీద లేని రంగు చారలు కనిపిస్తే అది మీ సెన్సారుకు, నేతకు మధ్య పడిన పేచీ. ఒక అడుగు ముందుకో వెనక్కో జరిగి మళ్లీ తీయండి.

ముఖాభినయానికి కూడా 120 సరిపోతుంది, మీటరున్నర పైచిలుకు దూరం నుంచి కన్నులు, చేతి ముద్ర రెండూ పడతాయి. భంగిమలకు మాత్రం ఏ పొడవాటి లెన్సూ మీ బేస్‌మెంట్‌లో పనిచేయదు. చేతులు చాచిన నర్తకికి రెండున్నర మీటర్ల ఫ్రేము కావాలంటే 120తో దాదాపు ఏడు మీటర్లు వెనక్కి జరగాలి, 45 మి.మీ. ఎఫ్/2.8తో రెండున్నర మీటర్లు చాలు. అది విశాలమైన లెన్సు కనుక చాచిన చేయి ఫ్రేము అంచుకు చేరితే సాగినట్టు కనిపిస్తుంది. నాలుగు వైపులా ఖాళీ వదిలి తీసి తరువాత కత్తిరించండి. కెమెరాను ఆమె నడుము ఎత్తులో, వంచకుండా నిటారుగా ఉంచండి. కంటి ఎత్తు నుంచి కిందికి వంచి తీస్తే కాళ్లు పొట్టివై, అరమండి మరీ కిందికి కూర్చున్నట్టు కనిపిస్తుంది, ఫోటో చూసిన గురువుగారు ముందు తప్పుపట్టేది దానినే. పైకప్పు తక్కువ ఎత్తులో ఉండి ఫ్రేములోకి వస్తే, పైకెత్తిన చేతుల భంగిమలను ఆ గదిలో తీయాలని పట్టుబట్టకండి. వాటిని కార్యక్రమం నాడు హాలు వేదిక మీద, తెర లేవడానికి ముందు పది నిమిషాలు అడిగి తీసుకోండి.